బేరం కొనేవారి చేతికొచ్చింది

స్థలాలు, ఫ్లాట్ల అమ్మకాలు నెమ్మదించిన రోజుల్లో ఏది కొనాలి, దేనికి ఆగాలి, ఉన్న ఇంటి మీద డబ్బు ఎక్కడ పెట్టాలి

స్థిరాస్తి మార్కెట్ మందగించినప్పుడు ముందుగా తగ్గేది ధర కాదు, అమ్మకాల సంఖ్య. రెండు నెలల్లో పోవాల్సిన ఫ్లాటు ఏడాదైనా అలాగే ఉంటుంది. వెంచర్లలో సైట్ విజిట్‌కు వచ్చే కార్లు తగ్గుతాయి. ‘రేపటికి ఉండదు’ అన్న ఏజెంటే ‘ఓనరుతో కూర్చుని మాట్లాడదాం’ అంటాడు. ధర మాత్రం చాలాకాలం పాత అంకె దగ్గరే నిలబడుతుంది.

దీనికి కారణాలున్నాయి. బిల్డర్ చదరపు అడుగు ధరను బాహాటంగా తగ్గిస్తే, అదే ప్రాజెక్టులో నిరుడు ఎక్కువ పెట్టి కొన్నవారు నిలదీస్తారు. బ్యాంకులు వేసే విలువ పడిపోతుంది. అందుకే తగ్గింపు ఇతర రూపాల్లో వస్తుంది: రిజిస్ట్రేషన్ ఖర్చు తామే భరిస్తామంటారు, కారు పార్కింగ్ కలిపి ఇస్తామంటారు, మాడ్యులర్ కిచెన్ ఉచితమంటారు. సొంత అవసరం కోసం పాత ఫ్లాటు అమ్ముకునే వ్యక్తికి ఈ చిక్కులు లేవు. నిజమైన తగ్గింపు ముందుగా కనిపించేది అక్కడే.

తెలుగు నేలకు ఇలాంటి దశలు కొత్త కాదు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత, రాష్ట్ర విభజన ఉద్యమం సాగిన ఏళ్లలో హైదరాబాద్ మార్కెట్ చాలాకాలం స్తబ్దుగా ఉంది. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతిలో ఎత్తుపల్లాలు ఇంకా తీవ్రం. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరగడంతో చుట్టుపక్కల గ్రామాల్లో స్థలాల ధరలు ఎగబాకాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో కొనేవారు కరువయ్యారు. 2024లో ప్రభుత్వం మారాక, 2025 మే 2న పనుల పునఃప్రారంభం తర్వాత మళ్లీ కదలిక వచ్చింది. సొంత డబ్బుతో కొన్నవారికి ఆ మధ్యకాలమంతా ఆగే వీలు దొరికింది. అప్పు తెచ్చి కొన్నవారికి ఆ వీలు లేకపోయింది. మందగించిన మార్కెట్లో అన్నిటికన్నా విలువైనది ఆగగలిగే శక్తి. కొనేటప్పుడు దాన్ని పూర్తిగా వాడుకోవాలి, కొన్నాక దాన్ని పోగొట్టుకోకూడదు.

ఉండటానికా, పెరుగుదలకా

ఇల్లు ఉండటానికి కొంటున్నారా, ధర పెరుగుతుందని కొంటున్నారా అన్నది మొదటి ప్రశ్న. ఉండటానికైతే పిల్లల బడి, ఆఫీసు దూరం, తల్లిదండ్రుల ఆరోగ్యం, మంచినీటి సరఫరా ధరతో సమానంగా లెక్కకు వస్తాయి. పదేళ్లు అక్కడే ఉండే కుటుంబానికి రెండేళ్ల మందగమనం పెద్ద నష్టం కాదు. పెట్టుబడికైతే మాత్రం కాగితం, కలం తీసుకుని లెక్క వేయక తప్పదు.

ఒక ప్లాటు 40 లక్షల రూపాయలనుకుంటే, స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. అంటే మరో 3 లక్షలు. ఈ 43 లక్షలను ఏడు శాతం చక్రవడ్డీకి ఐదేళ్లు ఉంచితే పన్నుకు ముందు 60 లక్షలు దాటుతుంది. కాబట్టి ఆ ప్లాటు ఐదేళ్లలో సగానికి సగం పెరిగితే గాని డిపాజిట్‌తో సమానం కాదు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చి కొంటే దాదాపు 65 లక్షలు రావాలి. ధరలు ఏటా ఎగసే కాలంలో ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. నిలబడిపోయిన కాలంలో ఇదే అసలు లెక్క.

అద్దె కోసం ఫ్లాటు కొనేవారిదీ ఇదే పరిస్థితి. 80 లక్షల ఫ్లాటుకు రిజిస్ట్రేషన్‌తో కలిపి 86 లక్షలు అవుతుంది. నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 2.64 లక్షలు. ఒక నెల ఖాళీగా ఉంటుందని, ఆస్తి పన్ను, మరమ్మతులకు 40 వేలు పోతాయని అనుకుంటే మిగిలేది 2 లక్షల పైచిలుకు. పెట్టిన డబ్బు మీద అది రెండున్నర శాతం కూడా కాదు. అద్దె ఇంతే వచ్చేచోట కొనేవారు ఆశపడుతున్నది ధర పెరుగుదల మీదే. ఆ సంగతి తెలిసి కొనాలి.

వేలం పాటల వార్తలు ఈ లెక్కను మరపిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఎత్తైన టవర్లు కట్టగలిగే, రోడ్లూ డ్రైనేజీ సిద్ధంగా ఉన్న భూమికి ఒక పెద్ద సంస్థ కట్టిన వెల అది. పది కిలోమీటర్ల అవతల ఉన్న రెండు వందల గజాల ప్లాటుకు దాన్ని కొలతగా తీసుకోకూడదు.

ఏది కొనాలి

మార్కెట్ చల్లబడినప్పుడు పూర్తయిన ఇల్లు, కడుతున్న ఇంటికన్నా సురక్షితం. అమ్మకాలు లేక డబ్బు ఆగితే ముందు ఆగేది నిర్మాణమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, వచ్చిన ఫ్లాటు కొంటే జీఎస్టీ ఉండదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం. 45 లక్షల లోపు ధర, నిర్ణీత విస్తీర్ణం ఉన్న చిన్న ఇళ్లకు 1 శాతం. 80 లక్షల ఫ్లాటు మీద ఇది 4 లక్షల తేడా. అద్దె కడుతూ ఈఎంఐ కూడా కట్టే బాధ తప్పుతుంది. గోడలు, నీళ్లు, వెలుతురు కళ్లతో చూసి కొనవచ్చు.

నిర్మాణంలో ఉన్నది కొనాల్సి వస్తే స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, అండగా ఉంది. 2016లో వచ్చిన ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును నమోదు చేయాలి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. చెప్పిన గడువుకు అప్పగించకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంది. అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్లలో ప్రాజెక్టు నంబరు కొడితే అనుమతులు, గడువు, పని ఎంతవరకు వచ్చిందీ తెలుస్తాయి.

‘ప్రీ లాంచ్’ పేరిట జరిగే అమ్మకాల్లో ఈ రక్షణ ఆచరణలో దొరకడం కష్టం. అనుమతి రాకముందే మొత్తం డబ్బు కడితే మార్కెట్ ధరలో సగానికే ఫ్లాటంటారు. అమ్మేది ఇల్లు కాదు, కాగితం మీద భూమిలో అవిభాజ్య వాటా. హైదరాబాద్‌లో ఇలా వేలాది కుటుంబాల పొదుపు చిక్కుకుపోయింది. మార్కెట్ మందగించేకొద్దీ ఇలాంటి ఆఫర్లు పెరుగుతాయి, ఎందుకంటే బ్యాంకులు అప్పివ్వని బిల్డరుకు డబ్బు దొరికే దారి అదొక్కటే. ఎంత చవకైనా ఇది కొనకూడదు.

ప్లాట్ల విషయంలో హెచ్ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ లేదా స్థానిక పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన తుది లేఅవుట్ అనుమతి చూడాలి. ముందుగా ఇచ్చే తాత్కాలిక అనుమతి చాలదు. హెచ్ఎండీఏ లేఅవుట్లలో రోడ్లు, కాలువలు పూర్తయ్యేవరకు 15 శాతం ప్లాట్లు ఆ సంస్థ పేర తనఖాలో ఉంటాయి. బేరమాడుతున్న ప్లాటు వాటిలో ఉందేమో సరిచూసుకోవాలి.

ఫామ్ ప్లాట్ల పేరుతో వ్యవసాయ భూమిని గుంటల లెక్కన అమ్మే ధోరణి రెండు రాష్ట్రాల్లోనూ పెరిగింది. 20 గుంటల కన్నా చిన్న ఫామ్ ప్లాట్లు కొనవద్దని తెలంగాణలో డీటీసీపీ హెచ్చరించింది. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఇక్కడ మరో సంగతి గమనించాలి: విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం ప్రవాస భారతీయులు ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు గాని వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్ కొనకూడదు.

బయానాకు ముందు

రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు ఖాయం కాదు. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును; అమ్మేవారికి ఆ హక్కు ఉందో లేదో తేల్చుకోవాల్సింది కొనేవారే. 2024 జూలైలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా హైదరాబాద్ చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ నిజం అందరికీ తెలిసొచ్చింది. రిజిస్ట్రేషన్, బ్యాంకు రుణం ఉన్న ఇళ్లవారూ భయపడ్డారు. మార్కెట్ వేగంగా ఉన్నప్పుడు ఈ తనిఖీలకు వ్యవధి దొరకదు, మరొకరు బయానా ఇచ్చేస్తారన్న భయం ఉంటుంది. ఇప్పుడు ఆ తొందర లేదు. చూడాల్సినవి ఇవి:

• ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, అదే కాలానికి ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ. మధ్యలో ఒక్క లింకు తెగినా కారణం తేలేవరకు ముందుకు పోకూడదు.
• సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందా? ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, భూదాన్ భూములు అందులో ఉంటాయి. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది.
• చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉందా? పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్. గ్రామ నక్షాతో పోల్చి చూస్తే కాలువలు, కుంటలు బయటపడతాయి.
• హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాల్లో ఉందా? ఆంక్షలు పోతాయన్న మాట మీద ధర కట్టకూడదు.
• మంజూరైన ప్లాన్, కట్టిన ఇల్లు ఒకటేనా? అనుమతి లేని పై అంతస్తు ఫ్లాటుకు బ్యాంకు రుణం రాదు, మళ్లీ అమ్మడమూ కష్టం.
• వారసులందరి సంతకాలు, ఆస్తి పన్ను, కరెంటు, నీటి బకాయిలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లేఖ.

బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోకూడదు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు భద్రత. కొనేవారు సొంతంగా ఒక న్యాయవాదికి కాగితాలు చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. ఆ ఖర్చు ఆస్తి విలువలో అర శాతం కూడా ఉండదు.

బేరం

బేరానికి ఆధారం చెప్పిన ధర కాదు, ఆ వీధిలో ఇటీవల నిజంగా జరిగిన అమ్మకాలు. వాచ్‌మన్, అసోసియేషన్ కార్యదర్శి, పక్క ఫ్లాటులోవారు చెప్పే మాటలను పోల్చి చూస్తే అసలు ధర తెలుస్తుంది. ఫ్లాటు ఎంతకాలంగా అమ్మకానికి ఉందో, అమ్మేవారికి డబ్బు ఎప్పటికి కావాలో తెలిస్తే బేరం సగం కుదిరినట్టే. నెలలోగా డబ్బు ముట్టజెప్పగలిగిన కొనుగోలుదారు, అమ్మేవారు చెప్పిన దానికన్నా తక్కువకు అడగవచ్చు. అందుకు బ్యాంకు నుంచి రుణ మంజూరు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

బిల్డర్ దగ్గర ఉచిత వస్తువులకన్నా ధర తగ్గింపు అడగడం మేలు. ధర తగ్గితే రిజిస్ట్రేషన్ ఖర్చు, జీఎస్టీ, అప్పు, వడ్డీ అన్నీ దానితోపాటు తగ్గుతాయి. చదరపు అడుగు లెక్కను కార్పెట్ ఏరియా మీదే వేసి చూడాలి. 1,500 అడుగులని అమ్మే ఫ్లాటులో కాలు మోపగలిగే చోటు 1,050 అడుగులే ఉండొచ్చు. రెండు ప్రాజెక్టులను పోల్చాలంటే ఇదొక్కటే సరైన కొలత.

బేరం బాగా కుదిరినప్పుడు ఒక చిక్కు వస్తుంది. కొన్న ధర ప్రభుత్వ విలువకన్నా తక్కువైనా స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ మీదే కట్టాలి. ఆ తేడా పది శాతం దాటితే ఆదాయపు పన్ను శాఖ దాన్ని కొన్నవారి ఆదాయంగా లెక్కిస్తుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే చెల్లింపులో ఒక శాతం టీడీఎస్ మినహాయించి కట్టాల్సిన బాధ్యత కూడా కొనేవారిదే. అమ్మేవారు ప్రవాసులైతే టీడీఎస్ ఇంకా ఎక్కువ.

అప్పు

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి, డిసెంబరు మధ్య రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకుల్లో ఫ్లోటింగ్ రేటుకు గృహరుణం తీసుకున్నవారిలో ఎక్కువమందికి ఈ తగ్గింపు నేరుగా అందుతుంది. అంతకుముందటి రుణాలున్నవారు బ్యాంకుకు వెళ్లి కొత్త విధానానికి మారమని అడగాలి.

50 లక్షల రుణానికి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 43,400. మొత్తం వడ్డీ 54 లక్షలు. అదే పదిహేనేళ్లకైతే ఈఎంఐ 49,200, వడ్డీ 38.6 లక్షలు. నెలకు 5,800 అదనంగా కట్టగలిగితే పదిహేను లక్షలకు పైగా మిగులుతుంది. వడ్డీ రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకోకుండా పాత మొత్తమే కట్టడం మంచిది. మొదట్లోనే రేటు ఎనిమిదిన్నర నుంచి ఏడున్నరకు దిగితే, అదే 43,400 తో ఇరవై ఏళ్ల అప్పు పదిహేడేళ్లకే తీరుతుంది. వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు గృహరుణాలను ముందే తీర్చినా జరిమానా లేదు.

30 లక్షలు దాటి 75 లక్షల వరకు రుణానికి బ్యాంకు ఇచ్చేది ఆస్తి విలువలో గరిష్ఠంగా 80 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. 80 లక్షల ఫ్లాటుకు చేతిలో కనీసం 22 లక్షలు ఉండాలన్నమాట. ఆ 22 లక్షలను వ్యక్తిగత రుణంతోనో, బంగారం తాకట్టుతోనో పూడ్చుకుంటే ఆగగలిగే శక్తి మొదటి రోజే పోతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐ విడిగా బ్యాంకులో ఉన్నాకే సంతకం పెట్టాలి.

ఉన్న ఇల్లే పెట్టుబడి

మార్కెట్ కదలనప్పుడు చాలా కుటుంబాలకు కొత్త ఆస్తికన్నా ఉన్న ఇంటి మీద పెట్టే డబ్బే ఎక్కువ ఫలితం ఇస్తుంది. భూమి ధర మళ్లీ కట్టనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. పెద్ద ప్రాజెక్టుల్లో పని తగ్గినప్పుడు మంచి మేస్త్రీలు, వడ్రంగులు దొరకడం కూడా తేలిక.

సొంత స్థలంలో ఉన్న ఇంటి మీద అద్దె పోర్షన్ వేయడం తెలుగు పట్టణాల్లో పాత అలవాటు. లెక్క కూడా దానికే మొగ్గుతుంది. 900 అడుగుల పోర్షన్‌కు అడుగు 2,000 చొప్పున 18 లక్షలనుకుందాం. నెలకు 12 వేల అద్దె, ఏడాదిలో పదకొండు నెలలు వచ్చినా 1.32 లక్షలు. అది ఏడు శాతానికి పైన; కొత్తగా కొన్న ఫ్లాటు మీద వచ్చేదానికి దాదాపు మూడింతలు. అయితే పునాది, పిల్లర్లు ఆ బరువు మోస్తాయని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసివ్వాలి, మున్సిపల్ అనుమతి ఉండాలి. ఇవి లేకుండా వేసిన అంతస్తు కింది ఇంటి విలువనూ తగ్గిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుతో వేసిన స్లాబుకు కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి. పద్నాలుగు రోజులైతే ఇంకా మంచిది. ఇక్కడ తొందరపడితే తర్వాత జీవితాంతం చెమ్మే.

మరమ్మతులకు ఒక వరుస ఉంది. మొదట నీరు: మేడ మీద పగుళ్లు, పిట్టగోడ మొదళ్లు, బాత్రూం కింది చెమ్మ. స్లాబులోకి దిగిన నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, ఉబ్బిన తుప్పు కాంక్రీటును పగలగొడుతుంది. వేసవిలో చేసే వాటర్ ప్రూఫింగ్ ఖర్చు, రెండు వర్షాకాలాల తర్వాత స్లాబు మరమ్మతుతో పోలిస్తే చాలా తక్కువ. చెమ్మ ఆపకుండా పుట్టీ పెట్టి రంగు వేయడం డబ్బు దండగ. రెండోది కరెంటు: ఏసీలు, గీజర్లు లేని రోజుల్లో వేసిన వైరింగ్ ఇప్పటి భారం మోయదు. సరైన ఎర్తింగ్, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రాణాలు కాపాడతాయి. మూడోది పైపులు, డ్రైనేజీ.

ఆ తర్వాత నెలనెలా ఖర్చు తగ్గించేవి. మేడ మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేస్తే పై అంతస్తు గదుల వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో ఇందుకు ప్రత్యేక విధానమే తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సౌర ఫలకాలకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. సుమారు 300 అడుగుల మేడ స్థలం చాలు, నెలకు 300కు పైగా యూనిట్లు వస్తాయి. వెయ్యి అడుగుల మేడ మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,850 లీటర్ల నీరు పడుతుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే బోరు ఎండే ప్రాంతాల్లో ట్యాంకర్ల ఖర్చు తగ్గుతుంది. అద్దెకు వచ్చేవారు ముందుగా అడిగేదీ నీళ్ల గురించే.

వంటగది, బాత్రూంలు దీని తర్వాత. ఫాల్స్ సీలింగ్, ఖరీదైన వుడ్ వర్క్ చివర. సొంత సంతోషం కోసం చేయించుకోవచ్చు గాని అమ్మేటప్పుడు వాటి ఖర్చు తిరిగిరాదు. కొనేవారి అభిరుచి వేరు. ముందు చెప్పిన పనులు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి. వీధిలోని మిగతా ఇళ్ల స్థాయిని బాగా మించి ఖర్చు పెడితే ఆ పైమొత్తానికి వెల కట్టేవారు దొరకరు.

మేస్త్రీతోగాని కాంట్రాక్టరుతోగాని పని, సామగ్రి బ్రాండు, కొలతలు కాగితం మీద రాసుకోవాలి. డబ్బు తేదీల ప్రకారం కాక పని పూర్తయిన దశల ప్రకారం ఇవ్వాలి. వాటర్ ప్రూఫింగ్ పనిలో పదో వంతు మొత్తాన్ని ఒక వర్షాకాలం గడిచేవరకు ఆపి ఉంచుతామని ముందే చెప్పుకోవాలి.

అమ్మాల్సి వస్తే

చదువు, పెళ్లి, వైద్యం కోసం మందగమనంలోనే అమ్మక తప్పనివారు ఉంటారు. కాగితాలన్నీ ఒక ఫైల్లో సిద్ధంగా పెట్టి, చెమ్మ మరకలు, కారే కుళాయిలు బాగుచేయించి, మొదటి రోజే నిజమైన ధర చెప్పాలి. ఎక్కువ చెప్పి నెలనెలా తగ్గించేకొద్దీ కొనేవారిలో అనుమానం పెరుగుతుంది. రెండు ఆస్తులున్నవారు ముందుగా అమ్మాల్సింది అప్పు మీద ఉండి, ఆదాయం తేని ఖాళీ ప్లాటును.

రెండేళ్లకు మించి ఉంచుకున్న ఆస్తిని అమ్మితే 2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద పన్ను 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు, స్థలమైతే, దేశంలో నివసించేవారు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం లెక్కను పోల్చుకుని తక్కువది కట్టవచ్చు. అదనపు అంతస్తు వంటి శాశ్వత మెరుగుదలకు పెట్టిన ఖర్చును లాభంలోంచి తీసేయవచ్చు. మామూలు రంగులు, చిన్న మరమ్మతులు ఇందులోకి రావు. 18 లక్షల పోర్షన్‌కు బిల్లులు, బ్యాంకు చెల్లింపుల రుజువులు ఉంటే 12.5 శాతం చొప్పున 2.25 లక్షల పన్ను మిగులుతుంది. అందుకే సిమెంటు, ఇనుము బిల్లుల దగ్గర్నుంచి మేస్త్రీ రసీదు వరకు ప్రతి కాగితాన్నీ సేల్ డీడ్‌తోపాటే దాచాలి.